గురుడి గ్లేరు కేసు: తప్పు టెలిస్కోపుదా, కంటిదా, డాబా మీది చీకటిదా?

2024 నవంబరు ఆఖర్లో ఒక రాత్రి పదిన్నరకి మా బావ ఫోను. "బావా, ఈ టెలిస్కోపు పనికిరాదు. గురుణ్ణి పెడితే వీధి లైటు చూసినట్టే ఉంది. పట్టీల్లేవు, ఎర్ర మచ్చా లేదు. అమ్మేస్తాను, ఎవరైనా ఉంటే చెప్పు."

నేను విశాఖపట్నంలో పదేళ్లకు పైగా గ్రహాలు చూస్తున్నాను, తెలిసినవాళ్ల టెలిస్కోపులు బాగుచేసి పెట్టడం కూడా మెల్లగా అలవాటైపోయింది, కాబట్టి ఈ రకం ఫోన్లు నాకు కొత్త కాదు. ఈసారి తేడా ఏంటంటే, బావ నన్ను అడగకముందే మందు కూడా వేసేశాడు. ఎవరో "గ్లేరుకి మూన్ ఫిల్టర్ పెట్టు" అన్నారట. గ్లేరంటే కళ్లు చెదరగొట్టే వెలుగు, మూన్ ఫిల్టరంటే ఐపీసుకి, అంటే కన్ను పెట్టి చూసే కటకాల గొట్టానికి, బిగించి వెలుగు తగ్గించే గాజు. వెంటనే కొనేశాడు. అది పెట్టాక గురుడు తెల్ల బల్బు నుంచి బూడిద రంగు బల్బుగా మారాడు. చుట్టూ మీసాల్లా చిమ్మే వెలుగు గీతలు అలాగే ఉన్నాయి, మంచు పట్టినట్టుండే ఆ పొరా అలాగే ఉంది.

గ్లేరు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, బావ టెలిస్కోపులో నాలుగైదు వేరు వేరు జబ్బులు కలిసి ఒకే జ్వరంలా బయటపడ్డాయి. ఫిల్టర్ జ్వరం బిళ్ల లాంటిది. ఏ జబ్బు ఎక్కడుందో వెతకడానికి మాకు నాలుగు రాత్రులు, ఒక ఆదివారం పట్టింది. ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు, ఏ వరుసలో చూశాం అన్నది గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదటి రాత్రి

బావ వాళ్లిల్లు ఎంవీపీ కాలనీలో. డాబా మీద చుట్టూ మూడు వైపులా అపార్టుమెంట్లు, నాలుగో వైపు ఎల్ఈడీ వీధి దీపం. టెలిస్కోపు సెకండ్ హ్యాండ్ ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్, అంటే కింద పెట్టె మీద చేత్తో తిప్పుకునే న్యూటోనియన్ (అద్దాల) టెలిస్కోపు, 203 మిల్లీమీటర్ల అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం). ఐపీసులు రెండు, 25 మిమీ, 10 మిమీ, ఈ అంకె ఎంత చిన్నదైతే బొమ్మ అంత పెద్దదవుతుంది. నేను నా 6 మిమీ ఐపీసు జేబులో వేసుకుని వెళ్లాను.

గురుడికి అంతకన్నా మంచి సమయం దొరకదు. డిసెంబరు 7న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తున్నాడు, కాంతి మైనస్ 2.8 (ఈ కొలతలో మైనస్ ఎంత పెరిగితే అంత వెలుగు), బింబం వెడల్పు 48 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను), వృషభ రాశిలో రోహిణికి దగ్గర్లోనే ఉన్నాడు. మన అక్షాంశానికి అర్ధరాత్రి దాదాపు నడినెత్తికి వచ్చేస్తాడు. నడినెత్తిన ఉన్నప్పుడు డాబ్‌ని తిప్పడం నరకం, అందుకని తొమ్మిదిన్నర పది మధ్య, తూర్పున సగం పైకి ఎక్కినప్పుడు చూశాం. అంత ఎత్తులో ఉన్న గ్రహం కనిపించకపోతే గాలి మీద నెపం పెట్టడానికి లేదు.

నేనేమీ ముట్టుకోలేదు. బావ చేతికి పెన్సిలూ అట్టా ఇచ్చి, కనిపించింది కనిపించినట్టు గియ్యమన్నాను. ఇది నా అలవాటు, మాటల్లో అడిగితే ప్రతివాడూ "బాగా లైటుగా ఉందండీ" అని ఊరుకుంటాడు, బొమ్మ మాత్రం అబద్ధం చెప్పదు. బావ బొమ్మలో నడుమ ఖాళీ గుండ్రం ఉంది. దాన్నుంచి ఏటవాలుగా రెండు వైపులా ఒక పొడుగాటి మీసం, సన్నగా ప్లస్ గుర్తులా ఇంకో నాలుగు గీతలు. గుండ్రం చుట్టూ పెన్సిల్ రుద్దిన మసక, అదీ ఒకవైపు ఎక్కువ. కాస్త దూరంగా చిన్న చుక్కలాంటి మసక బింబం ఇంకొకటి. "ఇదేంటి?" అంటే "అదీ కనిపిస్తోంది, గురుడు ఇటు జరిగితే అది అటు పోతోంది" అన్నాడు.

నాకు సగం కేసు అక్కడే తేలిపోయింది. ఒక్క బొమ్మలో అయిదు సంగతులు ఉన్నాయి, వాటి మూలాలు ఒక్కచోట లేవు.

తల వంచి చూడు

మీసాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలుసుకోడానికి రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. గురుణ్ణి మధ్యలో పెట్టి, ఐపీసులోంచి కన్ను తియ్యకుండా తలని భుజం మీదికి వంచాలి. మీసం తలతో పాటు తిరిగితే జబ్బు కంటిలో ఉంది. తల కదపకుండా ఐపీసుని దాని గొట్టంలోనే తిప్పాలి, అప్పుడు తిరిగితే ఐపీసులో ఉంది. రెండిటికీ తిరక్కపోతే టెలిస్కోపుది.

బావ తల వంచాడు. "తిరుగుతోంది బావా!" అన్నాడు, ఏదో పాముని చూసినట్టు. పొడుగాటి మీసం మొత్తం తన కంటిదే. బావకి కుడి కంట్లో సిలిండర్ పవరు, అంటే కంటి ముందుపొర వంకర వల్ల వచ్చే లోపం, ఉంది, ఒకటిన్నర. టెలిస్కోపు దగ్గర కళ్లజోడు తీసేస్తున్నాడు, ఫోకస్ తిప్పితే సరిపోతుంది కదా అని. దూరదృష్టి, హ్రస్వదృష్టి అయితే నిజంగానే ఫోకస్‌తో సర్దుకుంటాయి, సిలిండర్ పవరు మాత్రం సర్దుకోదు.

ప్లస్ గుర్తులా ఉన్న నాలుగు గీతలు ఎటు వంచినా తిరగలేదు. అవి పెద్ద అద్దం పంపే వెలుగుని ఐపీసు వైపు తిప్పే చిన్న అద్దాన్ని పట్టుకునే నాలుగు స్పైడర్ రేకుల వల్ల కాంతి వంగి చిమ్మే గీతలు, న్యూటోనియన్ అన్నాక ఉంటాయి. వాటిని నేను పట్టించుకోను. వంపు రేకులు పెట్టించుకునేవాళ్లు ఉన్నారు, ఆ గీతల కాంతి అప్పుడు మాయమవదు, చుట్టూ పరుచుకుంటుంది, నాకైతే ఆ ఖర్చు అనవసరం.

చుట్టూ ఉన్న మసకలో కొంత భాగం ఐపీసుతో పాటు తిరిగింది. టార్చి వేసి 25 మిమీ ఐపీసు కంటివైపు గాజు చూస్తే వేలిముద్ర కన్నా అన్యాయం, కనురెప్పల వెంట్రుకల జిడ్డు పొరలా పేరుకుంది. కన్ను గాజుకి ఆనించి చూసే ప్రతివాడి ఐపీసూ నెలకోసారి ఇలాగే అవుతుంది. ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, కాటన్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండేసి, మధ్య నుంచి అంచుకి మెల్లగా తుడిచాం. నేరుగా గాజు మీద మాత్రం పొయ్యకండి, అంచులోంచి లోపలికి దిగిందంటే తియ్యడం కష్టం. మసక అప్పటికప్పుడే మూడో వంతు తగ్గినట్టు బావ రెండో బొమ్మలో గీశాడు.

లైటు వేసి చుక్కలు చూడటం

ఇప్పుడు అసలు విషయం. నేను వెళ్లేసరికి బావ డాబా మీద అరగంట నుంచి కటిక చీకట్లో కూర్చుని ఉన్నాడు. మెట్ల లైటు తీసేశాడు, ఫోన్‌కి ఎర్ర కాగితం అంటించాడు. చీకటికి కళ్లు అలవాటు పడాలి కదా అన్నాడు. నెబ్యులాలకి, గెలాక్సీలకి అది నిజం. గురుడికి మాత్రం సరిగ్గా తలకిందులు సలహా.

చీకట్లో అరగంట కూర్చుంటే కంటిపాప 6 మిమీ దాకా విచ్చుకుంటుంది, దండ కణాలు పనిలోకి దిగుతాయి. ఆ కణాలకి రంగు తెలీదు, సన్న వివరం తెలీదు, ఉన్న కాస్త వెలుగునీ పోగుచెయ్యడమే వాటి పని. అలాంటి కంట్లోకి ఎనిమిది అంగుళాల అద్దం పోగుచేసిన గురుడి వెలుగుని గుమ్మరిస్తే సినిమా హాల్లోంచి మిట్టమధ్యాహ్నం బయటికొచ్చినట్టే ఉంటుంది. గురుడి మీది లేత గోధుమ రంగు పట్టీలని, మచ్చ అంచుల్ని విడదీసేది శంకు కణాలు, వాటికి వెలుగు కావాలి. పైగా పాప పెద్దగా విచ్చుకున్నప్పుడు కంటి ముందుపొర అంచుల్లోంచి కూడా కాంతి లోపలికి వస్తుంది, సిలిండర్ లోపం గట్టిగా బయటపడేది అక్కడే.

మెట్ల లైటు వెయ్యమన్నాను. అనుమానంగా చూసి వేశాడు. దాని కింద నిలబడి తెల్ల కాగితాన్ని రెండు మూడు నిమిషాలు చూసి, వెంటనే వెళ్లి ఐపీసులో చూడమన్నాను. బల్బు నేరుగా కంట్లో పడకూడదు, ట్యూబు నోట్లోకి అసలు పడకూడదు, డాబా మాత్రం వెలుగ్గా ఉండాలి. ఈలోగా అత్తయ్య బట్టలు తీయడానికి పైకొచ్చి, "లైటేసుకుని చుక్కలు చూసే మొహాలు మీవేరా!" అని నవ్వుకుంటూ దిగిపోయింది.

బావ ఐపీసు దగ్గర ఒక అర నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "రెండు గీతలున్నాయి," అన్నాడు.

25 మిమీలోనే, ఫిల్టర్ లేకుండానే, ఉత్తర, దక్షిణ భూమధ్య పట్టీలు రెండూ కనిపించాయి. మీసం పొట్టిదైంది. చీకట్లో కూర్చుని మనం పోగొట్టుకునేది ఎంతో ఆ అర నిమిషంలో నాకూ ఇంకోసారి గుర్తొచ్చింది, ఎందుకంటే పదేళ్ల తర్వాత కూడా ఒక్కోసారి నేనే మర్చిపోతాను.

ఫిల్టర్‌కి బదులు పెద్దది చెయ్

రెండో రాత్రి మాగ్నిఫికేషన్. బావకి పెద్ద మాగ్నిఫికేషన్ అంటే భయం, "25లోనే ఇంత గ్లేరుంటే 6లో కళ్లు పోతాయేమో" అని. జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అద్దం పోగుచేసే వెలుగు ఎప్పుడూ అంతే, గరిటెడు దోసె పిండి లాంటిది. అదే గరిటె పిండిని పెనం మధ్యలో చిన్నగా వేస్తే మందంగా ఉంటుంది, పెనమంతా పరిస్తే పల్చబడుతుంది. గ్రహం బింబమూ అంతే, రెట్టింపు పెద్దది చేస్తే ఒక్కో చోట వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది.

లెక్క చూడండి. ఫోకల్ లెంగ్త్ 1200ని ఐపీసు అంకెతో భాగిస్తే మాగ్నిఫికేషన్ వస్తుంది, 25 మిమీ ఐపీసుతో 48 రెట్లు, ఎగ్జిట్ ప్యూపిల్, అంటే ఐపీసులోంచి కంట్లోకి వచ్చే కాంతి కట్ట వెడల్పు, 4.2 మిమీ. 10 మిమీతో 120 రెట్లు, 1.7 మిమీ. 6 మిమీతో 200 రెట్లు, సుమారు 1 మిమీ. బింబం మీది వెలుగు ఆ వెడల్పు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 25 నుంచి 10కి మారితే ఆరో వంతుకి తగ్గుతుంది, 6కి మారితే పదిహేడో వంతుకి. బావ కొన్న మూన్ ఫిల్టర్ వదిలేది 13 శాతం, అంటే ఎనిమిదో వంతు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 25 మిమీకి ఫిల్టర్ బిగిస్తే వెలుగు ఎనిమిదో వంతైంది, గురుడు మాత్రం అంతే చిన్నగా ఉండిపోయాడు. 10 మిమీ పెడితే వెలుగు దాదాపు అంతే తగ్గింది, గురుడు రెండున్నర రెట్లు పెద్దవాడయ్యాడు. ఫిల్టర్‌కి పెట్టిన డబ్బుతో బావ కొనుక్కున్నది చీకటి ఒక్కటే.

ఇంకో లాభం కంటిలోపల. కాంతి కట్ట 1 మిమీ వెడల్పుకి వచ్చేసరికి అది కంటి ముందుపొర నడిమి చుక్క లోంచే వెళుతుంది, అంచుల్లోని సిలిండర్ వంకర దాని దారిలోకే రాదు. 6 మిమీలో బావ తల ఎంత వంచినా తిరిగే మీసం లేదు. అందుకే మేం పెట్టుకున్న పద్ధతి, 25 మిమీకి కళ్లజోడు ఉంచుకోవాలి, 10 కన్నా చిన్నదానికి తీసేయొచ్చు. ఎడమ కంటికి పవరు తక్కువ కాబట్టి ఆ కన్ను ఇంకా మేలు. చాలామంది జీవితాంతం ఒకే కంటితో చూస్తారు, రెండోది ఎలా ఉందో పరీక్షించుకోరు.

6 మిమీలో గురుడు చందమామ కన్నా అయిదు రెట్లు వెడల్పుగా కనిపించాలి, లెక్క ప్రకారం. కనిపించాడు, మరిగే నీళ్లలోంచి చూసినట్టు. కారణం సులువైనది, టెలిస్కోపుని అప్పుడే హాల్లోంచి పైకి తెచ్చారు. అద్దం వెచ్చగా ఉంటే దాని మీద వేడి గాలి పొర తేలుతూ ఉంటుంది, వెలుగు చెదిరిపోతుంది, చూసేవాడు దాన్నీ గ్లేరు అనుకుంటాడు. గంట ముందే డాబా మీద పెట్టడం మొదలెట్టాక ఈ గొడవ పోయింది.

ఆదివారం, అద్దం స్నానం

మిగిలింది ఒకవైపుకి ఒరిగిన మసక. దీనికి రెండు కారణాలు తేలాయి.

ఒరగడానికి కారణం కాలిమేషన్, అంటే అద్దాల వరుస తప్పడం. ఒక చుక్కని మధ్యలో పెట్టి ఫోకస్ కొంచెం తప్పిస్తే వడ ఆకారం వస్తుంది, వడ చిల్లు సరిగ్గా నడుమ ఉండాలి. బావ వడకి చిల్లు ఒక అంచుకి జరిగి ఉంది. ఈ పరీక్షకి ధ్రువ నక్షత్రం వాడమని అందరూ చెబుతారు, కదలదు కాబట్టి. మన విశాఖలో అది 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంత కింద గాలి ఊగుతూ ఉంటే వడా కనపడదు చిల్లూ కనపడదు. ఎత్తులో ఉన్న రోహిణి పెట్టుకుని, మాటిమాటికీ మధ్యకి లాక్కుంటూ, వెనక మరలు పావు చుట్టు చొప్పున తిప్పాం. బావ తిప్పడం, నేను చూడటం, "ఇటు కాదు అటు" అని అరుచుకోవడం, గంటన్నర పట్టింది.

మసకకి కారణం పెద్ద అద్దం మురికి. అద్దం మీద కాస్త దుమ్ముంటే ఏమీ కాదని నేనే అందరికీ చెబుతాను, అది నిజం కూడా, మామూలు దుమ్ముకి భయపడి కడిగేవాళ్లే అద్దాలు పాడుచేస్తారు. కానీ దీని మీద ఉన్నది దుమ్ము కాదు. రాత్రి పక్కనుంచి టార్చి వేస్తే అద్దమంతా పాల పొర. సముద్రపు ఊరు, తేమలో ఉప్పు, దాని మీద దుమ్ము, మళ్లీ మంచు, ఇలా కొన్నేళ్లు. మసక చుక్కలు చూసేటప్పుడు ఇది తెలీదు, గురుడు శుక్రుడు లాంటి వాటి వెలుగు మాత్రం ఈ పొర మీద చెదిరి బింబం చుట్టూ పాలు పోస్తుంది.

ఆదివారం పొద్దున్న కడిగాం. ఉంగరాలు, గడియారాలు తీసేశాం. ముందు కుళాయి నీళ్లు ధారగా వదిలి ఇసుక రేణువులు పోనిచ్చాం, అవి ఉండగా దూదితో రుద్దితే పూత మీద గీతలు ఖాయం. తర్వాత ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పావుగంట నానబెట్టాం. నీళ్ల కిందే దూది ఉండని దాని బరువుతోనే ఒక్కసారి లాగడం, పారెయ్యడం, ఇంకోటి తియ్యడం. నొక్కలేదు. మళ్లీ కుళాయి కింద కడిగి, చివర్న ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పోశాం, లేకపోతే కుళాయి నీటి మరకలు ఉండిపోతాయి. తుడవకుండా గోడకి నిలువుగా ఆనించి ఆరబెట్టాం. అక్కయ్య కాపలా, పిల్ల అటు రాకుండా. ఆరాక చూస్తే అంచు దగ్గర రెండు మూడు చోట్ల పూత గుల్లబారి ఉంది, అది కడిగితే పోయేది కాదు, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ పూత వేయించాలి.

వీధి దీపం సంగతి

అదే సాయంత్రం ఇంకో పరీక్ష. ఐపీసు తీసేసి, అది కూర్చునే ఖాళీ ఫోకసర్ గొట్టంలోంచి కన్ను పెట్టి చూడాలి. చిన్న అద్దం, దాన్లో పెద్ద అద్దం, అంతవరకు సరే. వాటి చుట్టూ ఇంకేం మెరుస్తున్నాయో చూడండి. మాకు ఫోకసర్ ఎదురుగా ఉన్న ట్యూబు గోడ మీద వీధి దీపం తెల్లగా పరుచుకుని కనిపించింది. లోపల నల్ల రంగే ఉంది, కానీ ఆ నలుపు ఏటవాలుగా పడిన కాంతికి తారు రోడ్డులా మెరుస్తుంది. ఒక మర తల, ఫోకసర్ గొట్టం లోపలి అంచు కూడా తళతళలాడుతున్నాయి.

పూర్ణా మార్కెట్ దగ్గర నల్ల వెల్వెట్ గుడ్డ అరమీటరు తెచ్చి ఫోకసర్ ఎదురు గోడకి అంటించాం. డబుల్ సైడ్ టేపుతో అంటించడం నా పొరపాటు, మన తేమకి మూడు వారాల్లో ఒక మూల ఊడి కిందికి వేలాడింది, తర్వాత ఫెవికాల్ పెట్టాం. ట్యూబు మూతికి నల్ల యోగా మ్యాట్ చుట్టి ఒక అడుగు ముందుకి సాచాం, చిన్న అద్దానికి మంచు పట్టకుండా కూడా అదే కాపాడుతోంది. ఈ పనులవల్ల గురుడి మీసాలు తగ్గవు. ఆకాశం నల్లబడుతుంది, బింబం అంచు తెగినట్టు కనిపిస్తుంది, పట్టీలకి కాస్త గట్టిదనం వస్తుంది.

ఇప్పుడు ఫిల్టర్లు

డిసెంబరు రెండో వారంలో అన్నీ సర్దాక, ఫిల్టర్ల వంతు. మూన్ ఫిల్టర్‌ని 6 మిమీకి పెట్టి చూస్తే గురుడు మసిబారిపోయాడు, తీసేశాం. నా దగ్గరున్న నీలం ఫిల్టర్, 80ఏ నంబరుది, పెడితే మాత్రం తేడా కనిపించింది. అది 30 శాతం వెలుగునే వదులుతుంది, ఎరుపు, గోధుమ రంగుల్ని ఎక్కువ ఆపుతుంది, దాంతో పట్టీలు ముదురుగా, పెద్ద ఎర్ర మచ్చ నల్లగా తేలతాయి. ఇంకా లేతగా ఉండే 82ఏ ఇంచుమించు ముప్పాతిక వంతు వెలుగు వదులుతుంది, చిన్న టెలిస్కోపులకి అదే నయం. రంగు ఫిల్టర్ పెడితే గురుడి సొంత రంగు పోతుంది, అది నాకు నచ్చదు, ఏదో ఒక వివరం పట్టుకోవాలంటే అయిదు నిమిషాలు పెట్టి తీసేస్తాను. 2025 జనవరి 16న అంగారకుడు ఎదురుకి వచ్చినప్పుడు నారింజ రంగు 21 నంబరు ఫిల్టర్ పెట్టాం, నల్ల మచ్చలు బాగానే విడిపడ్డాయి.

ట్యూబు మూతకి 50 మిమీ చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని తీసి చూడటం ఇంకో దారి. బెజ్జం రేకుల మధ్యన పడుతుంది కాబట్టి ప్లస్ గీతలు పూర్తిగా పోతాయి, వెలుగు పదహారో వంతవుతుంది. వీధిలో పిల్లలు వరసకట్టి చూడటానికి వచ్చినప్పుడు నేనూ అలాగే పెడతాను. కానీ 203 మిమీ అద్దం 0.57 ఆర్క్ సెకన్ల దూరంలో ఉన్న చుక్కల్ని విడదీయగలిగితే, 50 మిమీ బెజ్జం 2.3 దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిది అంగుళాల టెలిస్కోపు కొని రెండు అంగుళాలతో చూడటం అది.

శుక్రుడి దగ్గర మాత్రం పై లెక్కలన్నీ కాస్త నీరసపడతాయి. సూర్యుడికి ఎంత దగ్గరో చూడండి, గురుడి మీద పడే ఎండ కన్నా శుక్రుడి మీద పడేది 50 రెట్లు పైనే, ఆ మేఘాలు దాన్లో చాలా భాగం తిప్పికొడతాయి. 2025 ఫిబ్రవరి మధ్యలో మైనస్ 4.9 కాంతితో వెలుగుతున్నప్పుడు, రాత్రి ఏడున్నరకి పడమట కిందికి దిగాక చూస్తే 6 మిమీలో కూడా మంటే, పైన నీలం కింద ఎరుపు అంచులు, అది గాలి పట్టకంలా వంచడం వల్ల. మేం వేళ మార్చాం. సూర్యుడు పూర్తిగా మునిగాక, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే, శుక్రుడు ఎత్తులో ఉన్నప్పుడే చూశాం. వెనక ఆకాశం వెలుగ్గా ఉండటంతో మంట చల్లారింది, నాలుగో వంతు వెలిగిన నెలవంక గోరులా స్పష్టంగా ఉంది. సూర్యుడు ఉండగా ఆ దిక్కున టెలిస్కోపు తిప్పొద్దు, పొరపాటున తగిలినా కన్ను పోతుంది. ఇదే ఊళ్లో అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూశారు. ఆయనకి శుక్రుడు నల్ల చుక్క, మాకు తెల్ల మంట.

ఎంత తేలింది

డిసెంబరు మూడో వారంలో బావ గీసిన బొమ్మలో రెండు పెద్ద పట్టీలు, ఉత్తరాన ఇంకో సన్నది, దక్షిణ పట్టీ అంచులో మచ్చ కూర్చున్న గుంట, ధ్రువాల దగ్గర బూడిద రంగు ఉన్నాయి. గంట తేడాతో గీసిన రెండు బొమ్మల్లో మచ్చ జరిగినట్టు కూడా తెలుస్తోంది, గురుడు పది గంటల్లోపే ఒక చుట్టు తిరుగుతాడు మరి. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చినవి మెట్ల లైటు, 10, 6 మిమీ ఐపీసులు, ఖర్చు లేని పనులు. తర్వాత కాలిమేషన్, ఆ తర్వాత అద్దం కడగడం. వెల్వెట్, ఫిల్టర్ ఆఖర్న. ఈ వరుస బావ టెలిస్కోపుది, మీ అద్దం శుభ్రంగా ఉండి మీ ఇంటి పక్కన ఫ్లడ్ లైటు ఉంటే వెల్వెట్ పైకి రావచ్చు.

తేలనివీ ఉన్నాయి. ప్లస్ గీతలు సన్నగా ఉన్నాయి, ఉంటాయి. ఆకాశంలో పల్చటి మబ్బు పొర ఉన్న రాత్రి ఏం చేసినా గురుడి చుట్టూ వెలుగు వలయమే, ఆ రోజు టీ తాగి కిందికి దిగిపోవడమే. మూన్ ఫిల్టర్‌కి పని దొరికింది, పౌర్ణమి రోజుల్లో అక్కయ్య చందమామని దాంతోనే చూస్తుంది.

ఇక బొమ్మలో దూరంగా ఉన్న ఆ మసక బింబం. అది 25 మిమీ ఐపీసు లోపలి గాజుల మధ్య కాంతి అటూ ఇటూ తగిలి పుట్టే దెయ్యం బొమ్మ, అందుకే గురుడు ఇటు జరిగితే అది అటు జరుగుతుంది. గురుణ్ణి కాస్త పక్కకి పెడితే అదీ దూరంగా పోతుంది, పూర్తిగా పోవాలంటే ఐపీసే మార్చాలి. మారుద్దాం అనుకుంటే బావ కూతురు ఒప్పుకోలేదు. స్కూల్లో గురుడికి నాలుగు పెద్ద చందమామలని చెప్పారట, మా డాబా మీద అయిదు కనిపిస్తాయని వాళ్ల క్లాసులో చెప్పుకుని వచ్చేసింది.